రెండో తరగతి అయిపోయింది, ఇరవై పుస్తకాల లాగ్ చేతికొచ్చింది: వేసవి సెలవుల్లో ఏం చేయించాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఓసారి చెప్పుకుంటాను. మీరు హైదరాబాద్ ఉప్పల్‌లో ఉంటారు. పాప ఇంగ్లిష్ మీడియంలో రెండో తరగతి పూర్తి చేసింది. స్కూల్ నుంచి వచ్చిన ఆఖరి సర్క్యులర్‌లో పీటీఎం (టీచర్లతో తల్లిదండ్రుల సమావేశం) తేదీ, లైబ్రరీ పుస్తకాల వాపసు, మూడో తరగతి బుక్ లిస్ట్, హాలిడే హోంవర్క్ ఉన్నాయి. ఇవి కాక సెలవుల్లో 20 పుస్తకాలు చదివి, వాటి వివరాలు రాసే లాగ్ నింపి, తల్లిదండ్రులతో సంతకం పెట్టించుకు రావాలట. పాప ఇంగ్లిష్ కూడబలుక్కుంటూ చదువుతుంది. తెలుగు అక్షరాలు వచ్చు గానీ వత్తు కనబడగానే ఆగిపోతుంది. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పగలంతా నానమ్మే తోడు. ఆవిడకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లిష్ రాదు. ఈ 20 పుస్తకాలు ఎలా అవుతాయి అని అడిగారు.

పుస్తకాల లెక్క పక్కన పెట్టండి. రోజూ 20 నిమిషాలు పైకి చదివించండి: పొద్దున టిఫినయ్యాక పది నిమిషాలు నానమ్మ దగ్గర తెలుగు, రాత్రి పది నిమిషాలు మీ దగ్గర ఇంగ్లిష్. పుస్తకం తరగతి స్థాయి కంటే ఒక మెట్టు తేలికగా ఉండాలి. ఒక్కో పుస్తకం మూడుసార్లు చదవాలి. ఇలా చేస్తే 20 పుస్తకాలు వాటంతట అవే పూర్తవుతాయి.

ఎలాగో చూడండి. తెలంగాణ రాష్ట్ర సిలబస్ బడులకు 2024లోనూ 2025లోనూ సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, అంటే 49 రోజులు. (సీబీఎస్‌ఈ బడుల్లో చాలావాటికి కొత్త తరగతి ఏప్రిల్‌కే మొదలైపోతుంది. అక్కడ సెలవులు తక్కువ, మీ సర్క్యులర్ తేదీలే చూసుకోండి.) ఊరెళ్ళడం, పెళ్ళిళ్ళు, ఎండదెబ్బ, జ్వరం అన్నీ తీసేస్తే నికరంగా మిగిలేది 35 రోజులు అనుకుందాం. రోజుకు 20 నిమిషాల చొప్పున 700 నిమిషాలు. ఈ వయసుకు తగిన సన్నటి బొమ్మల పుస్తకం ఒకసారి చదవడానికి పది నిమిషాలు పడుతుంది, మూడుసార్లకు అరగంట. 700ను 30తో భాగిస్తే 23 పుస్తకాలు. లావుపాటి పుస్తకాలు పెట్టుకుంటేనే లెక్క తప్పుతుంది. 16 పేజీల పుస్తకాన్ని లాగ్‌లో రాయడం మోసమేమీ కాదు. రెండో తరగతి పిల్లకు పుస్తకమంటే అదే.

మూడుసార్లు ఎందుకంటే, మొదటిసారి బుర్రంతా అక్షరాలు పట్టుకోవడానికే సరిపోతుంది. రెండోసారి వాక్యం వినబడుతుంది, మూడోసారికి కథ. మొదటి రోజు మీరు చదవండి, తను వేలితో పదాల కింద గీత గీసినట్టు చూపిస్తూ పోవాలి. రెండో రోజు ఇద్దరూ కలిసి గొంతు కలపండి. తనకు ధీమా వచ్చిన చోట మీరు గొంతు తగ్గించేయండి. మూడో రోజు తనొక్కతే. "మళ్ళీ అదేనా" అని తను విసుక్కుంటే రెండుసార్లతో ఆపేయండి, కొంప మునిగేదేం లేదు.

పీటీఎంలో అడగాల్సింది. మార్కులు ప్రోగ్రెస్ కార్డులో ఎలాగూ ఉంటాయి. ఉన్న ఐదు నిమిషాలూ వాటి మీద ఖర్చు పెట్టకండి. "మా పాప ఎలా చదువుతోంది?" అంటే "ఇంప్రూవ్ కావాలండీ" అన్న జవాబే వస్తుంది, దాంతో ఇంట్లో చేసేదేం లేదు. ఇలా అడిగి చూడండి: ఇంగ్లిష్‌లో ఏ రకం పదాల దగ్గర ఆగుతోంది? తెలుగులో గుణింతాలు గట్టిగా వచ్చాయా, వత్తులే సమస్యా? ఆగినప్పుడు అక్షరాలు కూడుకుంటుందా, బొమ్మ చూసి ఊహిస్తుందా? బోర్డు మీదిది చూసి రాయడంలో వెనకబడుతోందా? ఈ చివరి ప్రశ్న చూపు గురించి. బోర్డు సరిగా కనబడక వెనకబడే పిల్లలకు సోమరి అన్న పేరు ఊరికే వచ్చేస్తుంది.

సర్క్యులర్‌లో మిగతావి తొందరగా చెప్పేస్తాను. లైబ్రరీ పుస్తకాలు ముందు రోజే బ్యాగులో పెట్టేయండి. బూట్లు, యూనిఫాం జూన్ మొదటి వారంలో కొనండి, ఏప్రిల్‌లో కొన్నవి బడి తెరిచేసరికి బిగుతు కావొచ్చు. స్కూల్ మారుస్తుంటే టీసీ, ప్రోగ్రెస్ కార్డుతో పాటు పాప పెన్ నంబరు (బడుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో పిల్లలకిచ్చే శాశ్వత నంబరు) రాయించుకుని తెచ్చుకోండి. పాత బడి వాళ్ళు ఆన్‌లైన్‌లో పాపను తమ లిస్టులోంచి వదలకపోతే కొత్త బడి వాళ్ళు చేర్చుకునేటప్పుడు ఇబ్బంది పడతారు. హాలిడే హోంవర్క్‌ను వారానికి రెండు రోజులకు పంచేయండి. జూన్ 10 రాత్రి ముప్పై పేజీల కాపీ రైటింగ్ చేస్తే దస్తూరీ బాగుపడదు సరికదా, ఉన్నది కూడా పోతుంది.

ఇంకొకటి, పాత టెక్స్ట్ పుస్తకాలు జూన్ దాకా పాత పేపర్లవాడికి వేయకండి. రెండో తరగతి తెలుగు, ఇంగ్లిష్ వాచకాలే మీ మొదటి వారం పుస్తకాలు. తెలిసిన పాఠం కాబట్టి పాప గడగడా చదివేస్తుంది, ధైర్యం వస్తుంది. మూడో తరగతి పుస్తకాలు ముందే తెప్పించి మొదలుపెట్టించాలనే ఆత్రం చాలామందికి ఉంటుంది. కూడబలుక్కునే పిల్లకు అది పనికిరాదు. కష్టమైన పాఠం ఇస్తే బట్టీ పట్టేస్తుంది, పేజీ చూడకుండానే అప్పజెబుతుంది. మీరేమో చదువు వచ్చిందనుకుంటారు.

పుస్తకం సరైనదో కాదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. మధ్యలోంచి ఒక పేజీ తీయండి, సుమారు వంద పదాలుండాలి. పాప చదువుతుంటే తప్పు పోయిన పదానికొక వేలు ముడవండి. ఐదు వేళ్ళ లోపైతే తనంతట తను చదువుకోగలదు. ఐదు నుంచి పది దాకా అయితే మీరు పక్కన ఉండి చదివించాలి. పది దాటితే అది మీరు చదివి వినిపించాల్సిన పుస్తకం. పేజీలో ఇరవై పదాలే ఉంటే ఒకటి రెండు తప్పులకే పక్కన కూర్చోవాలని లెక్క.

ఇక తెలుగు సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు అక్షరమాల వస్తుంది, గుణింతం పాటలా వస్తుంది. "క కా కి కీ" అప్పజెప్పమంటే చెబుతారు గానీ మధ్యలోంచి "కె" ఒక్కటే చూపిస్తే మళ్ళీ "క" నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు. ముందు ఇది చూడండి: ఇరవై గుణింతాక్షరాలు చిన్న చీటీల మీద రాసి, కలిపేసి, ఒక్కొక్కటే చూపించండి. రెండు సెకన్లలో చెప్పలేనివి పక్కన పెట్టి వాటినే ఆడించండి. కొ–కో, కె–కే దీర్ఘాల దగ్గర, ప–వ–ష, మ–య, డ–ద జతల దగ్గర తప్పులు ఎక్కువ పోతాయి. "వు" చూసి "మ" అనడం కూడా మామూలే, రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి మరి.

తర్వాత వత్తులు. వీటిలో రెండు రకాలున్నాయి. గ్గ, చ్చ, ట్ట, డ్డ, ప్ప, బ్బ లాంటి వాటిలో కిందున్నది చూస్తే ఏ అక్షరమో పోల్చుకోవచ్చు. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం అక్షరాన్ని పోలవు, వాటిని గుర్తుపెట్టుకోవాల్సిందే. అదృష్టం ఏమిటంటే ఈ ఆరూ పిల్లలకు తెలిసిన మాటల్లోనే ఉన్నాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, గుర్రం, పిల్ల. ఒక అట్ట మీద ఈ ఆరు మాటలు పెద్దగా రాసి వత్తును మాత్రం ఎర్ర స్కెచ్‌తో దిద్ది, ఫ్రిజ్ మీద అంటించండి. చదువుతూ ఆగినప్పుడు సమాధానం చెప్పకుండా నానమ్మ అట్ట వైపు చూపిస్తే చాలు. ఇలా ఒకే అక్షరం రెట్టించే ద్విత్వాలు మొదటి పది రోజులు. వేరే అక్షరం వత్తుగా వచ్చే సంయుక్తాలు ఆ తర్వాత.

సంయుక్తాల్లో పిల్లలు "చక్రం"ను "చర్కం" అని చదువుతారు. అజాగ్రత్త అనుకుని కసురుతాం గానీ కారణం వేరు. ర వత్తు అక్షరానికి ఎడమ పక్క నుంచి చుట్టుకుని వస్తుంది, కంటికి ముందు అదే తగులుతుంది. ఇంకో చిక్కు గుణింతపు గుర్తుది. "క్రి"లో గుడి ఉన్నది "క" నెత్తి మీద, పలికేది మాత్రం "ర" తర్వాత. అందుకే "కిర" అనేస్తారు. "పై అక్షరం, కింది వత్తు, ఆఖరున గుర్తు" అని వేలితో మూడు తావులూ చూపిస్తూ చదివిస్తే నాలుగైదు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

దీనికి అన్నిటికన్నా మంచి పుస్తకం ఊళ్ళోని బోర్డులే. జనరల్ స్టోర్స్, ఫ్యాన్సీ స్టోర్స్, డ్రై క్లీనర్స్, బిర్యానీ: మాటలన్నీ పాపకు ముందే తెలుసు, కొత్తవల్లా తెలుగు లిపిలోని వత్తులే. అర్థం కోసం తడుముకునే పని లేదు కాబట్టి దృష్టంతా అక్షరం మీద ఉంటుంది. మీరుండే చోటే మెట్రో ఎక్కితే రెండు పాఠాలు దొరుకుతాయి: "స్టేడియం", "హబ్సిగూడ". మొదటిదాంట్లో ఏత్వం స మీద, ట కింద. రెండోదాంట్లో గుడి బ మీద, స కింద. ఒక్కో స్టేషన్‌లో బోర్డు పాప చదవాలి, రైలు కదిలే లోపు. ఇది హోంవర్క్ అని ఏ పిల్లా అనుకోదు.

పొడుగు మాటల భయం ఇంకొకటి. "వెళ్ళిపోయిందంటే" అన్న మాట రెండో తరగతి కంటికి రైలుబండిలా ఉంటుంది. పెన్సిల్‌తో సన్నటి గీతలు పెట్టండి: వెళ్ళి / పోయిం / దంటే. ముక్కలు చదివాక గీతలు చెరిపేసి ఒక్క గుక్కలో చదివించండి. మూడో పుస్తకానికి గీతలు తనే పెట్టుకుంటుంది.

పుస్తకంలో "వెళుతున్నాడు" అని ఉంటే పాప "పోతున్నడు" అని చదివితే? నా మటుకు నేను దాన్ని తప్పు కింద లెక్కవేయను. అక్షరం చూసి, అర్థం పట్టుకుని, ఇంటి భాషలో చెప్పిందన్నమాట, అది చదవడం వచ్చిన గుర్తే. కథయ్యాక "ఇక్కడ పుస్తకంలో ఎట్ల రాసిండ్రో చూడు" అని ఒకసారి చూపిస్తే సరిపోతుంది. నానమ్మకు కూడా ఈ మాట ముందే చెప్పండి. పెద్దవాళ్ళు ఒక్కోసారి గ్రాంథికం దాకా దిద్దుతారు.

తప్పు పోయినప్పుడు ఏం చేయాలి. నోరు మెదపకుండా మనసులో ఐదు లెక్కపెట్టండి. సగం తప్పులు ఆ ఐదు లెక్కలోపే పాప దిద్దుకుంటుంది. ఆగిపోయి మీ మొహం చూస్తే మొదటి ముక్క మీరు అందించండి. అప్పటికీ రాకపోతే పదం చెప్పేసి ముందుకు పొండి. "స్పెల్లింగ్ చెప్పు", "నిన్ననే కదా చెప్పాను" అన్నవి రెండూ వద్దు. వాక్యం మధ్యలో ఆపకండి, తప్పు ఏదైనా వాక్యం అయ్యాకే. ఒక పేజీలో ఒక్క పదం మీదే పని చేయించండి, మిగతావి వదిలేయండి. వదిలేయడానికే పెద్దవాళ్ళకు ఓపిక ఎక్కువ కావాలి.

ఇంగ్లిష్ గురించి తక్కువే చెబుతాను, బడిలో రోజంతా అదే కదా. ఒక్క జాగ్రత్త: ధారగా చదివేస్తుంటే అర్థమైందని అనుకోకండి. రాత్రి మీ దగ్గర ఇంగ్లిష్ కథ చదివాక, మర్నాడు పొద్దున అదే కథ నానమ్మకు తెలుగులో చెప్పాలి. ఆవిడకు ఇంగ్లిష్ రాకపోవడం ఇక్కడ వరం. ఆవిడ "తర్వాత ఏమైంది? ఎందుకట్ల చేసింది?" అని నిజంగానే అడుగుతుంది. కథ చెప్పలేకపోతే పుస్తకం కష్టమైందని అర్థం, ఒక మెట్టు దిగండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి. అన్నీ కొనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు, ఇంగ్లిష్ కథలు ఉచితం. నాలుగు స్థాయులుగా పెట్టారు: మొదటి స్థాయి కథలో 250 లోపు పదాలు, రెండో స్థాయిలో 600 దాకా. మీ పాపకు తెలుగులో ఒకటో స్థాయి, ఇంగ్లిష్‌లో ఒకటితో మొదలుపెట్టి రెండు. ఫోన్‌లో చదివిస్తే వేలు పెట్టగానే పేజీ జరిగిపోతుంది, పైగా మధ్యలో నోటిఫికేషన్లు. పీడీఎఫ్ దించుకుని, షీటుకు రెండు పేజీల చొప్పున నలుపు–తెలుపులో ప్రింట్ తీయించండి. షీటుకు నాలుగు పెడితే వత్తులు చీమల్లా అయిపోతాయి. రంగులు పాపే వేసుకుంటుంది. వేసేలోపు కథ ఇంకో రెండుసార్లు చదివినట్టే.

ఎస్‌సీఈఆర్‌టీ తెలంగాణ సైట్‌లో ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు దొరుకుతాయి. 2022–23లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టినప్పుడు పాఠాలను ఒక పక్క తెలుగు, ఎదురుగా ఇంగ్లిష్ వచ్చేలా ముద్రించారు. అలాంటి పుస్తకం తీసుకుంటే తెలుగు పేజీ నానమ్మకు, ఇంగ్లిష్ పేజీ మీకు.

కొనాలనుకుంటే పిల్లల తెలుగు పుస్తకాలకు తార్నాకలోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ మీకు దగ్గర, ఉప్పల్ నుంచి మెట్రోలో నాలుగో స్టేషన్. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ తెలుగు బొమ్మల పుస్తకాలు కూడా ధర తక్కువ. ఇంగ్లిష్ పాత పుస్తకాలకు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. ఎండ ముదరక ముందే వెళ్ళండి, పుస్తకం కొనే ముందు మధ్య పేజీలు ఉన్నాయో లేదో తిప్పి చూడండి. గ్రంథాలయాల్లో అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ పెద్దవి. అయితే రెండో తరగతి పిల్లకు మీ వాడలోని శాఖా గ్రంథాలయమే మేలు, ఎండలో అంత దూరం తిప్పలేరు. మీరు కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు ఎలాగూ పోతోంది, వెళ్ళి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

లాగ్ విషయం. స్కూల్ ఇచ్చిన షీటులో పేరు, రచయిత, సంతకం గడులుంటాయి. వాటిని నింపే పని చివరికి అమ్మల మీద పడుతుంది, అదీ జూన్ 11న. దాంతో పాటు పాపకు వేరే చిన్న నోట్‌బుక్ ఇవ్వండి. రోజూ మూడు ముక్కలు: తేదీ, ఎన్నో పేజీ దాకా, ఈ రోజు సతాయించిన ఒక్క పదం. తన చేతిరాతతోనే. వారం చివర ఆ ఏడు పదాలూ మళ్ళీ చదవాలి. స్కూల్ షీటు దీన్ని చూసి పది నిమిషాల్లో నింపేయొచ్చు.

ఇదంతా తరచు మూడో వారంలో ఆగిపోతుంది, ఎక్కువగా ఊరెళ్ళినప్పుడే. బట్టల సంచిలో నాలుగు సన్నటి పుస్తకాలు, ఆ నోట్‌బుక్, ఒక పెన్సిల్ పెట్టేయండి. అక్కడ తనకంటే చిన్న పిల్లలుంటే వాళ్ళకు చదివి వినిపించే పని అప్పజెప్పండి. అమ్మ ముందు నసిగే పిల్ల చిన్న తమ్ముడి ముందు టీచరమ్మ అయిపోతుంది. నాలుగు రోజులు తప్పిపోతే తప్పిపోయాయి. వాటిని కలిపి ఐదో రోజు గంటన్నర కూర్చోబెడితే మాత్రం ఆరో రోజు పుస్తకం కనబడదు, దాచేస్తుంది.

ఎప్పుడు డాక్టరు దాకా వెళ్ళాలి. పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకోవడం, తరచూ వరుస తప్పడం, చదువుతుంటే కళ్ళు నులుముకోవడం ఉంటే బడి తెరిచే లోపే కంటి పరీక్ష చేయించండి. ఆరు వారాలు క్రమం తప్పకుండా చదివించినా, నోటితో కథలు చక్కగా చెప్పే పిల్ల చిన్న మాటలు కూడా రోజూ కొత్తగా చూసినట్టు చూస్తుంటే, పిల్లల ఎదుగుదల నిపుణులకు చూపించండి. అది ఏమిటన్నది వాళ్ళే తేల్చాలి. ఇంట్లో పేరు పెట్టుకోవద్దు, బద్ధకం అనీ అనుకోవద్దు.

చివరగా కొలత. సెలవుల మొదటి వారంలోనే పాప ఎప్పుడూ చదవని ఇంగ్లిష్ పేజీ ఒకటి, తెలుగు పేజీ ఒకటి ఒక్కో నిమిషం చదివించి ఫోన్‌లో రికార్డ్ చేసి, ఆ రెండు పేజీలూ దాచేయండి. జూన్ 8 ప్రాంతంలో మళ్ళీ అవే చదివించండి. సరిగా చదివిన పదాలు లెక్కపెట్టండి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 అని లక్ష్యం పెట్టారు. ఇంగ్లిష్‌కు ఆ అంకె చూసుకోండి. తెలుగుకు మాత్రం దాన్ని పట్టుకుని కంగారు పడకండి, "వెళ్ళిపోతున్నారనుకున్నాను" కూడా మనకు ఒక్క పదమే. తెలుగులో ఏప్రిల్‌కూ జూన్‌కూ తేడా వచ్చిందా లేదా, ఆగిన చోట్లు తగ్గాయా అన్నదే చూడండి.

బడి తెరిచిన రోజు కొత్త టీచర్‌కు లాగ్‌తో పాటు ఒక చీటీ పంపండి: ఏ స్థాయి పుస్తకాలు సొంతంగా చదవగలుగుతోంది, ఏ వత్తుల దగ్గర ఇంకా ఆగుతోంది, కంటి పరీక్ష అయిందా. నాలుగు లైన్లు దాటనివ్వకండి, మొదటి రోజు ఆవిడ చేతిలో నలభై లాగ్‌లు ఉంటాయి.